బేబీ క్రిబ్ కొంటున్నారా? ముందు టేపుతో కొలవండి

గార్లలో పుట్టింట ఉన్న అమ్మాయి కాన్పుకు ఆన్‌లైన్‌లో క్రిబ్ పంపుతున్నారా? అక్కడే వడ్రంగితో చేయిస్తున్నారా? ఎలాగైనా ఇవి చూసుకోండి.

ఐఎస్‌ఐ గుర్తు దేనికి?
14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. క్రిబ్‌కు వేలాడే గిలక్కాయపై ఆ గుర్తు ఉంటే, అది గిలక్కాయకే హామీ. క్రిబ్‌కు కాదు.

గుర్తు అసలుదేనా?
దాని కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూడండి. తేడా ఉంటే అందులోనే ఫిర్యాదు చేయవచ్చు.

క్రిబ్‌లో ఏం చూడాలి?
• ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. అమెరికా ప్రమాణం ఇదే. సందు ఎక్కువైతే బిడ్డ ఒళ్లు జారిపోయి తల ఇరుక్కోవచ్చు.
• కిందికి జారే పక్క ఉన్నది, బంధువులు ఉచితంగా ఇచ్చినా వద్దు. అలాంటివాటి అమ్మకాన్ని అమెరికా 2011 జూన్‌లో నిషేధించింది.
• పరుపు గట్టిగా ఉండాలి. పరుపుకూ అంచుకూ మధ్య రెండు వేళ్లు దూరకూడదు.
• దిండు, బొంత, మెత్తటి బొమ్మలు లోపల పెట్టకండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి.

మోసపోతే?
బిల్లు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.