గేటు పాసుకు ఎక్కని సర్వీసు: రాయ్‌పూర్–భిలాయి ప్రాంతంలో పాత కార్మికుల తొలగింపు, ఆ తర్వాత

ఛత్తీస్‌గఢ్ కార్మికుల మీద పరిశోధనకు వచ్చేవారు రాయ్‌పూర్‌లో దిగరు. మరో పాతిక ముప్పై కిలోమీటర్లు పోయి భిలాయిలో దిగి, ఉక్కు కర్మాగారం గేటు ఎదుట కూర్చుంటారు. లోపలికి వెళ్లేవారి జీతం, ఇల్లు, పెళ్లి, చదువు అన్నీ రాసుకుంటారు. ఆ గేటు నుంచి చివరిసారి బయటికి వచ్చినవాడు మర్నాడు ఎక్కడికి వెళ్లాడన్నది మాత్రం వాళ్ల పుస్తకాల్లో అంచుకు జరిగిపోతుంది. తెలుగులో ఆ మాత్రం పని కూడా నా కంటపడింది తక్కువే. 1931లో విజయనగరం లైను పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరినప్పటి నుంచి ఉత్తరాంధ్ర ఖలాసీలు, ఫిట్టర్లు, తట్ట మోసే కూలీలు ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. మన కార్మిక చరిత్రలు మాత్రం విశాఖ దగ్గరే ఆగిపోతాయి.

ఈ వ్యాసానికి మూలం సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల్లో కలిగిన ఒక అనుమానం. అక్కడి రోలింగ్ మిల్లుల దగ్గర షిఫ్టు మారే వేళ నిలబడితే తల నెరిసిన మనుషులు కనిపిస్తారు. కొలిమిలో ఇనుము రంగు చూసి వేడి ఎంతో చెప్పగలిగినవాళ్లు. ఠేకేదారు (కాంట్రాక్టరు) హాజరీ పుస్తకంలో మాత్రం వాళ్లు నిరుడో మొన్ననో చేరినవాళ్లు. పనిలోకి తీసుకునేటప్పుడు ఠేకేదారు ‘ఎక్కడ చేశావు’ అని తప్పకుండా అడుగుతాడు, ఎన్నేళ్లు చేశావన్నది కాగితం మీద పెట్టడు. తొలగించిన తర్వాత కూడా కార్మికుడి అనుభవం బజారులో చెల్లుతూనే ఉంటుంది. చెల్లకుండా పోయేది అతని సర్వీసు. నా వాదన ఇంతే. పాత పండితులతో పేచీ కూడా ఇక్కడే.

పాత పండితులంటే ప్రధానంగా ఒక్కరే, మానవశాస్త్రవేత్త జోనథన్ పారీ. 1993 నుంచి భిలాయికి వచ్చిపోతూ ఆయన చేసిన క్షేత్రకార్యం 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే పెద్ద గ్రంథంగా వెలువడింది. కర్మాగారంలో నౌకరీ ఉన్నవాడు ఒక వర్గం, ఠేకా కింద పని చేసేవాడు మరో వర్గం, ఆ రెంటి మధ్య గోడ గట్టిది అని ఆయన సిద్ధాంతం. గోడ ఉన్నమాట నిజమే. గోడ దూకి కింద పడ్డవాడిని ఏ వర్గంలో వేయాలన్నదే చిక్కు. పారీకి అతను వర్గం మారిన మనిషి. పర్మినెంటు ఉద్యోగి కొడుకు ఠేకా పనిలోకి జారడం, ఆ భయం ఇంట్లో తెచ్చే కల్లోలం ఆయనకు బాగా కనిపిస్తాయి. భిలాయి ఆత్మహత్యల మీద 2012లో రాసిన వ్యాసం మొత్తం ఆ భయం చుట్టూనే తిరుగుతుంది. కొడుకు కాకుండా తండ్రే, నలభై అయిదేళ్ల వయసులో, తనకొచ్చిన అదే పనిని గోడకు అవతల నిలబడి చేస్తున్నప్పుడు ‘వర్గం’ అనే కొలబద్ద నాకు చాలినట్టు అనిపించదు. అతని చేతులు మారలేదు, యంత్రం మారలేదు, మారింది రిజిస్టరు. పారీ ఠేకా కార్మికులతోనూ ఏళ్ల తరబడి మాట్లాడారు, కాదనను.

చట్టం ఏం చెప్పిందో ఒకసారి చూద్దాం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ సెక్షన్ కింద, కనీసం ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని తొలగిస్తే నెల నోటీసు, పూర్తయిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం ఇవ్వాల్సి ఉండేది. 25జి ప్రకారం చివర వచ్చినవాడు ముందు పోవాల్సి ఉండేది. 25హెచ్ ప్రకారం మళ్లీ మనుషులను తీసుకుంటే పాతవాళ్లకే ముందు అవకాశం. కేంద్ర నియమావళిలో 77వ నియమం తొలగింపుకు ముందే సీనియారిటీ జాబితా బోర్డు మీద అంటించమనేది. ఈ నాలుగూ నిలబడేది ఒక్క ఆధారం మీద: ఎవరు ఏనాడు చేరారన్న లెక్క. ఇరవై ఏళ్ల పర్మినెంటు కార్మికుడికి ఆ లెక్కన మూడు వందల రోజుల వేతనం వచ్చేది. అదే కొలిమి దగ్గర ఇరవై ఏళ్లు చేసిన ఠేకా కార్మికుడికి? ఠేకేదారు మారినప్పుడల్లా గేటు పాసు కొత్తది, తేదీ కొత్తది. గ్రాట్యుటీకి కావలసిన అయిదేళ్ల నిరంతర సర్వీసు కూడా కాగితం మీద చాలామందికి నిండదు.

ఈ లెక్క కోసమే 1990లో భిలాయి ప్రైవేటు పరిశ్రమల కార్మికులు కదిలారు. దల్లీ రాజహరా గనుల నుంచి కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి భిలాయికి మకాం మార్చిన కాలమది. డిమాండ్లలో మొదటిది వేతనం అని చాలామంది రాశారు. నా దృష్టిలో మొదటిది పర్మినెంటు చేయమన్నది. అప్పటి మధ్యప్రదేశ్ స్టాండింగ్ ఆర్డర్ల నియమాల ప్రకారం ఖాళీ పోస్టులో ఆరు నెలలు సంతృప్తికరంగా పనిచేసినవాడు పర్మినెంటు. పదేళ్లూ పదిహేనేళ్లూ చేసినవాళ్లు ఆ ఆరు నెలల మాటే అడిగారు. జవాబుగా నాలుగు వేల పైచిలుకు మందిని పనిలోంచి తీసేశారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉన్న నియోగిని కాల్చి చంపారు. 1992 జులై 1న, తీసేసినవాళ్లను మళ్లీ తీసుకోమంటూ భిలాయి పవర్‌హౌస్ స్టేషను దగ్గర పట్టాల మీద కూర్చున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు చనిపోయారు. నియోగి హత్య కేసులో కింది కోర్టు కొందరు పారిశ్రామికవేత్తలకు వేసిన శిక్షను హైకోర్టు కొట్టేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చినవాడికి మాత్రమే యావజ్జీవం వేసింది.

ఇక్కడితో కథ ముగించడం పరిశోధకులకు అలవాటు. భిలాయి పక్కనున్న జాముల్ సంగతి చూస్తే అసలు కథ ఆ తర్వాతే మొదలైందని తెలుస్తుంది. భిలాయి బ్లాస్ట్ ఫర్నేసుల స్లాగ్‌ను వాడుకుంటూ సిమెంటు చేసే ఏసీసీ కర్మాగారం అది. అక్కడి ఠేకా కార్మికులు ప్రగతిశీల్ సిమెంట్ శ్రామిక్ సంఘ్ పెట్టుకుని, ఎవరు ఏ విభాగంలో ఎప్పటి నుంచి ఉన్నారో నిరూపించే పనికి దిగారు. 2006లో పారిశ్రామిక న్యాయస్థానం ఐదు వందలకు పైగా కార్మికులకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2011లో బిలాస్‌పూర్ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ కోర్టులో కార్మికుల తరఫున వాదించిన లాయర్ సుధా భరద్వాజ్ పేరు తెలుగు పాఠకులకు భీమా కోరేగావ్ కేసు వల్ల తెలుసు. జాముల్ వల్ల తెలియాల్సింది. తీర్పు అమలు కాలేదు. ఏసీసీ అప్పటికే స్విట్జర్లాండుకు చెందిన హోల్సిమ్ చేతిలోకి పోయింది. సంఘం 2012లో ఆ దేశ ప్రభుత్వ అధికారుల దాకా ఫిర్యాదు తీసుకెళ్లింది. పాత ప్లాంటు పక్కన కొత్త ప్లాంటు లేచింది, మనుషుల అవసరం తగ్గింది. చివరికి 2016 జనవరిలో రాజీ ఒప్పందం కుదిరింది. ఉద్యమం మొదలైనప్పుడు పాతికేళ్ల వయసున్న కార్మికుడికి అప్పటికి యాభై దాటాయి.

జాముల్ నాకు ముఖ్యమైన సాక్ష్యం ఎందుకంటే, వాళ్లు గెలిచింది కొంతైనా, ఆ కొంతా లెక్క దాచుకున్నందువల్లే. ఎవరి హాజరీ ఎవరి దగ్గరుందన్నదే అక్కడ వర్గాన్ని నిర్ణయించింది. సంఘం లేని చోట పాసు వెనక్కి ఇచ్చేయడంతో మనిషి చరిత్ర అక్కడికి సరి. రాయ్‌పూర్ కూలీల చావడీల్లో పొద్దున్నే తాపీ, పార పట్టుకుని నిలబడేవారిలో అలా లెక్క లేకుండా పోయిన పాత కార్మికులు ఎందరో ఉన్నారని నా నమ్మకం. స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్‌ఎస్) డబ్బుతో ఇల్లు కట్టుకుని, దుకాణం పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లూ లేకపోలేదు.

2001 ఈ ప్రాంతానికి చెడ్డ సంవత్సరం. కొత్త రాష్ట్రానికి రాయ్‌పూర్ రాజధానై నాలుగు నెలలు తిరిగేసరికి మార్చిలో కోర్బాలోని ప్రభుత్వ అల్యూమినియం సంస్థ బాల్కోలో 51 శాతం వాటా స్టెరిలైట్‌కు అమ్మేశారు. కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు, ముఖ్యమంత్రి అజిత్ జోగి వాళ్ల పక్షాన నిలిచారు, అమ్మకం ఆగలేదు. ఆగస్టు 30న ‘సెయిల్’ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఠేకా పద్ధతి రద్దయినంత మాత్రాన ఆ కార్మికులు యజమాని ఉద్యోగులైపోరని తీర్పు చెప్పింది. కేసు కలకత్తా నుంచి వెళ్లినా, సెయిల్ అంటే భిలాయికి యజమానే. అంతకు ముందు 1996లో ఎయిర్ ఇండియా కేసులో ఠేకా కార్మికులకు ఇచ్చిన ఆ హక్కు అయిదేళ్లకే పోయింది. సిల్తరా పొగ గొట్టాలు గుంపుగా లేచింది ఆ తర్వాతి ఏళ్లలోనే. అంటే రాయ్‌పూర్ చుట్టుపక్కల స్పాంజ్ ఐరన్ పరిశ్రమకు నేర్పు కోసం పైసా ఖర్చు పెట్టే అవసరం రాలేదు. నేర్చుకున్నవాళ్లు వేరేచోట సర్వీసు పోగొట్టుకుని వచ్చి ఉన్నారు. చౌక బొగ్గు, చౌక విద్యుత్తు అని ఆర్థికవేత్తలు చెప్పే కారణాల పక్కన ఈ మూడోదాన్ని కూడా రాసుకోవాలి.

గనుల్లో ఇంకొక మెలిక ఉంది. యంత్రాలొస్తే ముందు పోయేది ఆడవాళ్ల పని అని దల్లీ రాజహరా అనుభవంతో ఇలీనా సేన్ చాలా ముందే రాశారు. ఆమె రాయ్‌పూర్‌లో ఉండి పనిచేసిన మనిషి. రాయి కొట్టిన ఏళ్లు ఆడమనిషి సర్వీసుగా ఎక్కడా నిలవకపోతే, తర్వాత ఆమె ఏ జాబితాలో వెతికినా దొరకదు.

ప్రమాదాలను కూడా నేను ఈ కోణంలోనే చూస్తాను. 2009 సెప్టెంబరు 23న బాల్కోలో కడుతున్న చిమ్నీ కూలి కనీసం 40 మంది చనిపోయారు. 2018 అక్టోబరు 9న భిలాయి ఉక్కు కర్మాగారంలో గ్యాస్ పైపులైను మంటల్లో పది మందికి పైగా పోయారు. విచారణల్లో సాంకేతిక కారణాలు తేలతాయి. పాతవాళ్లను పంపేసి, అనుభవం ఉన్నవాడికి కూడా కొత్తవాడి పాసు ఇచ్చే చోట ‘ఇది తప్పు, ఆపండి’ అని గట్టిగా చెప్పగల గొంతు ఎవరికుంటుంది?

తెలుగు పాఠకుడు దీన్ని దూరపు సంగతి అనుకోనక్కర్లేదు. 2024 సెప్టెంబరు–అక్టోబరుల్లో విశాఖ ఉక్కులో వేలమంది ఠేకా కార్మికుల గేటు పాసులు ఆపేశారు, ఆందోళన తర్వాత పునరుద్ధరించారు. ఒక్క మీట నొక్కితే ఇరవై ఏళ్లు పోవచ్చని అక్కడివాళ్లకు ఆ రోజుల్లో అర్థమైంది.

2014 నుంచి భవిష్యనిధికి యూఏఎన్ అనే ఒకే సంఖ్య ఉంది. ఠేకేదారు మారినా అది మారదు. కాబట్టి చందా కట్టినంత మేరకు ఎవరు ఎన్నేళ్లు చేశారన్న లెక్క ఈ పదేళ్లకైనా ప్రభుత్వం దగ్గరే ఉంది, దాన్ని సీనియారిటీగా గుర్తించే నియమం మాత్రం లేదు. కార్మిక సంఘాలు అడగాల్సింది ముందు ఆ నియమాన్ని. అంతకు ముందటి కాలానికి మిగిలిన ఆధారం పారిశ్రామిక న్యాయస్థానాల పాత ఫైళ్లు. ఛత్తీస్‌గఢ్ మీద పని తలపెట్టే తెలుగు పరిశోధకులు ఈసారి రాయ్‌పూర్‌లోనే దిగి, ఆ ఫైళ్లు చెదలు తినకముందే చదవాలి.