వంచిన కర్ర కుర్చీ

కర్రను వంచితే దాని వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. పచ్చి కొమ్మ ఈ రెంటినీ కొంతవరకు తట్టుకుంటుంది. ఎండిన కర్ర పెళుక్కున విరుగుతుంది. అయితే తేమతో కూడిన వేడి తగిలినప్పుడు పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడుతుంది. బాగా ఆవిరి పట్టిన కర్రను రెండు కొసల నుంచి నొక్కితే అది తన పొడవులో దాదాపు నాలుగో వంతు కుదించుకుపోగలదు. సాగడం మాత్రం నూటికి ఒకటి రెండు వంతులే. అందుకే చీలిక ఎప్పుడూ వెలుపలి వైపే పుడుతుంది. ఈ చీలికకు 19వ శతాబ్దంలో దొరికిన విరుగుడు మధ్య ఐరోపాలో ఒక పెద్ద పరిశ్రమకు మూలమైంది.

కర్రను వంచే విద్య అంతకు చాలా ముందు నుంచే ఉంది. పీపాలు చేసేవారు పలకలను సెగ చూపి వంచి ఇనుప కట్లు బిగించేవారు. ఓడలు కట్టేవారు పలకలకు ఆవిరి పట్టి, వేడి ఆరకముందే ఓడ పక్కల వంపుకు అమర్చి మేకులు దిగ్గొట్టేవారు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో విండ్సర్ కుర్చీల వీపుకు విల్లులా వంచిన కర్ర వాడారు. 1808లో అమెరికాలోని బోస్టన్ నగరవాసి శామ్యూల్ గ్రాగ్ వంచిన కర్రల కుర్చీకి పేటెంటు పొందాడు. ఇవన్నీ ఎక్కువగా సన్నని కర్రలు, విశాలమైన వంపులు. మందపాటి కాలికి గట్టి వంపు కావాలంటే వడ్రంగి పెద్ద దిమ్మె నుంచి ఆ ఆకారాన్ని కోసి తీయవలసిందే. అలా కోస్తే చెక్క వృథా అయ్యేది. పోగులు అడ్డంగా తెగినచోట బలమూ తగ్గేది.

ఈ చిక్కును విడదీసినవాడు మైకేల్ థోనెట్. ఇతడు 1796లో రైన్ నది ఒడ్డున బోపార్డ్ పట్టణంలో పుట్టాడు, 1819లో అక్కడే వడ్రంగి పనిశాల పెట్టాడు. 1830ల నుంచి పలుచని చెక్క రేకులను కట్టలుగా కట్టి, వేడి జిగురులో ఉడికించి, అచ్చుల్లో వంచి కుర్చీ భాగాలు తయారుచేశాడు. 1841లో కోబ్లెంజ్ ప్రదర్శనలో ఆ సామాను చూసిన ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ అతణ్ణి వియన్నాకు ఆహ్వానించాడు. మరుసటి ఏడు థోనెట్ అక్కడికి చేరి, లీచ్‌టెన్‌స్టైన్ భవనానికి సామాను చేసే పనిలో కుదురుకున్నాడు. 1849లో సొంత పనిశాల తెరిచాడు. ఆ రోజుల్లోనే వియన్నాలోని డౌమ్ కాఫీ హోటలు అతని కుర్చీలు కొన్నది. 1851 లండన్ మహా ప్రదర్శనలో అతని సామానుకు కంచు పతకం వచ్చింది. 1853లో వ్యాపారాన్ని ఐదుగురు కొడుకుల పేర బదిలీ చేశాడు.

రేకుల కుర్చీకి ఒక బలహీనత ఉంది. సముద్రం మీద దూరదేశాలకు వెళ్లినప్పుడు గాలిలోని తేమకు జిగురు వదిలేది. జిగురు అక్కర లేకుండా నిండు కర్రనే వంచాలంటే వెలుపలి చీలికను ఆపాలి. థోనెట్ చేసిన ఉపాయం చూడటానికి చాలా మామూలుది. కర్ర వెలుపలి వైపు పొడవునా ఒక ఇనుప పట్టీ పరిచి, రెండు కొసల దగ్గరా గట్టిగా బిగించాడు. పట్టీ సాగదు కనుక దాని కింది కర్రా సాగలేదు. వంపులోని ఒత్తిడంతా లోపలి వైపు నొక్కుడుగా మారుతుంది. ఆవిరి పట్టిన కర్ర దాన్ని ఓర్చుకుంటుంది. 1856లో ఈ పద్ధతికి అతని సంస్థకు ప్రత్యేక హక్కు లభించింది.

ఆ కాలంలోనే బీచ్ చెట్ల అడవులు దట్టంగా ఉన్న మొరావియాలో, ఇప్పటి చెక్ దేశంలోని కోరిచానిలో, మొదటి కర్మాగారం వెలిసింది. కొద్ది ఏళ్లకే బిస్త్రిత్సేలో మరొకటి వచ్చింది. కలప, కట్టెలు, కూలీలు మూడూ చేరువలో దొరికే చోట్లనే కర్మాగారాలు పెట్టారు. బీచ్ దుంగను చదరపు కడ్డీలుగా కోసి, లేతు మీద గుండ్రంగా తరిగి, ఆవిరి పెట్టెల్లో ఉంచేవారు. బయటికి తీసిన కడ్డీ చల్లారకముందే పట్టీ బిగించి, పోత ఇనుప అచ్చు చుట్టూ వంచాలి. తర్వాత అచ్చుతో సహా వేడి గదిలో ఆరబెట్టేవారు. తేమ పోయాక వంపు స్థిరపడుతుంది. ఆపైన నునుపు చేయడం, రంగు వేయడం, కూర్చునే చోట పేము అల్లడం మిగిలేవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పనే కాబట్టి ఏళ్ల తరబడి వడ్రంగం నేర్చినవారు అవసరం లేకపోయింది. అల్లిక, మెరుగు పనుల్లో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు చేరారు.

1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీ ఈ పద్ధతి మొత్తానికి నమూనా. అందులో ఆరు కర్ర భాగాలు, పది మరలు, రెండు నట్లు మాత్రమే ఉంటాయి. వీపు, వెనక కాళ్లు రెండూ కలిసి ఒకే కర్ర. బెజ్జాలు తొలిచి కుసులు దిగ్గొట్టే పని లేకపోవడంతో విడి భాగాలుగానే పంపి, చేరిన చోట మరలు బిగించుకోవచ్చు. ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీల భాగాలు పట్టేవి. తేలిక, చవక, గట్టితనం వల్ల కాఫీ హోటళ్లు దీన్ని అక్కున చేర్చుకున్నాయి. 1930 నాటికి సుమారు ఐదు కోట్ల కుర్చీలు అమ్ముడయ్యాయని అంచనా.

1869లో హక్కు గడువు ముగిసింది. మైకేల్ థోనెట్ 1871లో మరణించాడు. జాకబ్, జోసెఫ్ కోన్ సంస్థతో సహా అనేక పోటీదారులు అదే పద్ధతిలో ఇలాంటి కుర్చీలే చేసి దేశదేశాలకు ఎగుమతి చేశారు. ముంబయి ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్లల చుట్టూ కనిపించేవి ఈ తరహా కుర్చీలే. 1920లలో మార్సెల్ బ్రాయర్ వంటి రూపకర్తలు కర్రకు బదులు ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీలు చేయగా, వాటిని తయారుచేసి అమ్మినవారిలో థోనెట్ సంస్థ కూడా ఉంది. 14వ నంబరు కుర్చీ ఇప్పుడు 214 అనే నంబరుతో ఇంకా తయారవుతోంది.