వంపుల్లో రైలు చక్రాలు, పట్టాల అరుగుదల: తోరణగల్లు ఖనిజ మార్గాలు

రైలు మార్గం వంపు తిరిగే చోట చక్రాల అంచులు, పట్టాల తలలు తిన్నని మార్గంలో కంటే త్వరగా అరుగుతాయి. ఈ అరుగుదలను అదుపులో పెట్టడానికి వెలుపలి పట్టాకు తగిన ఎత్తు ఇవ్వడం, వంపును సవరించడం, గ్రీజు పూయడం, గట్టి ఉక్కు పట్టాలు వేయడం, చక్రం ఆకారాన్ని మార్చడం అనే పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ప్రయాణికుల బండ్లు మాత్రమే తిరిగే మార్గాల్లో ఇది ఇంజనీర్ల లెక్కల్లో ఒక పద్దుగా ఉండిపోతుంది. ఇనుప ఖనిజం, బొగ్గు మోసే మార్గాల్లో మాత్రం పట్టా ఎన్నేళ్లు ఉంటుందో, చక్రం ఎప్పుడు లేతు ఎక్కుతుందో ఇదే తేలుస్తుంది.

తోరణగల్లు

కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో, గుంతకల్లు నుంచి హుబ్బళ్లి వెళ్లే మార్గంలో బళ్లారికీ హొసపేటకూ మధ్య తోరణగల్లు జంక్షన్ ఉంది. నైరుతి రైల్వేలోని హుబ్బళ్లి డివిజన్‌కు చెందినది. సండూరు కొండల్లోని గనుల వైపు రణజిత్‌పుర శాఖ ఇక్కడే విడిపోతుంది. జె.ఎస్.డబ్ల్యూ వారి విజయనగర ఉక్కు కర్మాగారం ఈ ఊళ్లోనే ఉంది. అనంతపురం జిల్లా సరిహద్దు ఇక్కడికి ఎంతో దూరం కాదు. కన్నడంతో పాటు తెలుగు వినబడే ప్రాంతమిది.

తోరణగల్లు మీదుగా పోయే ఈ మార్గాన్ని 19వ శతాబ్దం చివరి దశకాల్లో సదరన్ మరాఠా రైల్వే మీటర్ గేజ్‌గా వేసింది. నేడు బ్రాడ్ గేజ్ మీద కొండల నుంచి ఖనిజం దిగుతుంది, రేవుల నుంచి బొగ్గు వస్తుంది. మర్మగోవా రేవు బొగ్గు కూలెం, క్యాజిల్ రాక్‌ల మధ్య 37కి 1 వాలున్న బ్రగాంజా ఘాటు ఎక్కి ఇటు చేరుతుంది. తూర్పు తీరం నుంచి వచ్చేది గుంతకల్లు మీదుగా వస్తుంది. బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ రకం వ్యాగన్ ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నులు మోస్తుంది. అలాంటి 58 వ్యాగన్ల రేక్ నిండుగా ఉంటే 5,300 టన్నులు దాటుతుంది. ఒక్క రేక్ పోతే 464 చక్రాలు అదే వంపును ఒరుసుకుంటూ పోయినట్టే.

మైదానంలో ఉన్న స్టేషన్‌కు వంపుల బెడద ఏమిటని అనిపించవచ్చు. కొండ వంపులంత కటువైనవి యార్డులోనూ ఉంటాయి. ప్రధాన మార్గం నుంచి లూప్ లైన్‌కు మళ్లించే 12కి 1 పాయింట్ల వంపు వ్యాసార్థం సుమారు 441 మీటర్లు. 8.5కి 1 పాయింట్లలో అది 232 మీటర్లే. పాయింట్ల వంపులో వెలుపలి పట్టాకు ఎత్తు కూడా ఇవ్వరు. నిండు రేక్ ఉక్కు కర్మాగారంలోకి వెళ్లినా, అక్కడి నుంచి ఖాళీగా తిరిగొచ్చినా ఇలాంటి పాయింట్లు ఎన్నో దాటాలి.

అరుగుదలకు కారణం

ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలు కలిసే తిరుగుతాయి, ఒకటి ఎక్కువా ఇంకొకటి తక్కువా తిరగడానికి వీల్లేదు. వంపులో మాత్రం వెలుపలి పట్టా పొడవెక్కువ. బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల నడిమి గీతల మధ్య దూరం సుమారు 1,750 మి.మీ. కనుక మార్గం లంబకోణం తిరిగేసరికి వెలుపలి పట్టా 2.75 మీటర్లు పొడవెక్కుతుంది. వంపు కటువైనా, తేలికైనా ఈ తేడా ఒక్కటే. అది ఎంత దూరంలో సర్దుకుంటుందన్నదే అరుగుదలను నిర్ణయిస్తుంది.

ఈ తేడాను సర్దడానికే చక్రానికి 20కి 1 వాలు పెట్టారు. వంపులో ఇరుసు బయటికి జరిగితే వెలుపలి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం సన్న భాగం మీద దొర్లుతాయి. ఎంత జరిగితే ఎంత వ్యాసార్థపు వంపును ఒరపిడి లేకుండా దాటవచ్చో చెప్పే సూత్రాన్ని జర్మన్ ఇంజనీర్ రెడ్టెన్‌బాఖర్ 1855లోనే ఇచ్చాడు. మన కొలతలతో లెక్క వేసి చూడవచ్చు. పట్టాల మధ్య 1,676 మి.మీ., కొత్త చక్రాల అంచుల మధ్య 1,657 మి.మీ. అంటే ఆట 19 మి.మీ., ఒక పక్కకు 9.5 మి.మీ. అంత జరిగితే మీటరు వ్యాసమున్న చక్రాల దొర్లే వ్యాసార్థాల మధ్య తేడా 0.95 మి.మీ. వస్తుంది. అది సుమారు 920 మీటర్ల వ్యాసార్థపు వంపుకు సరిపోతుంది. 441 మీటర్ల పాయింట్లకు దాదాపు 2 మి.మీ. తేడా కావాలి, 232 మీటర్లకు 3.8 మి.మీ. అంత తేడా వాలు నుంచి రాదు. మిగిలిన పనిని చక్రం అంచు, అంటే ఫ్లాంజ్, వెలుపలి పట్టా చెంపను ఒరుసుకుంటూ చేయాలి. లోపలి చక్రం జారుతూ పోతుంది. వంపులో వినిపించే కీచుమనే చప్పుడు ఎక్కువగా ఆ జారుడిదే.

పైగా ఇరుసు ఒంటరిగా లేదు. ఖనిజ వ్యాగన్ల కాస్నబ్ బోగీలో రెండు ఇరుసులను 2 మీటర్ల దూరంలో సమాంతరంగా పట్టి ఉంచుతారు. ముందు ఇరుసు వంపు దిశకు కొంచెం అడ్డంగా నిలిచి పట్టాను కోస్తూ నడుస్తుంది. పట్టాల పక్క అరుగుదలలో పెద్ద వాటా ఈ ముందు వెలుపలి చక్రానిదే.

ఎత్తు, వంపు సవరణ

వెలుపలి పట్టాను కాస్త ఎత్తుగా వేయడం అందరూ ఎరిగిన ఉపాయం. ఎంత ఎత్తన్నది బండి వేగాన్ని బట్టి ఉంటుంది కానీ బరువును బట్టి కాదు. చిక్కంతా అక్కడే ఉంది. 600 మీటర్ల వంపులో 50 కి.మీ. వేగంతో పోయే గూడ్సుకు 57 మి.మీ. ఎత్తు చాలు. 100 కి.మీ. ఎక్స్‌ప్రెస్‌కు 230 మి.మీ. కావాలి. భారతీయ రైల్వే ప్రధాన మార్గాల్లో అనుమతించే గరిష్ఠ ఎత్తు 165 మి.మీ. బండి వేగానికి కావాల్సిన ఎత్తుతో పోలిస్తే వచ్చే లోటును, మిగులును సాధారణంగా 75 మి.మీ. దాటనివ్వరు. ఈ హద్దుల్లో గూడ్సును 50 మీదే ఉంచితే 132 మి.మీ. కంటే ఎత్తు ఇవ్వలేం. ఎక్స్‌ప్రెస్ 95 కి.మీ. దగ్గర ఆగిపోతుంది.

ఎత్తు మిగులైతే నెమ్మదిగా పోయే నిండు బండి లోపలి పట్టా మీదికి ఒరుగుతుంది. దాని తల చదునై పక్కకు పొంగుతుంది. టైంటేబుల్ కోసం ఎక్స్‌ప్రెస్‌లకు తగిన ఎత్తు ఇచ్చి, రోజంతా ఖనిజం నడిపే మార్గాల్లో ఈ దృశ్యం మామూలే. తోరణగల్లు వంటి చోట అసలు పట్టా తినేది నిండు రేకులు గనుక, వాటి నిజమైన సగటు వేగాన్ని కొలిచి ఎత్తు నిర్ణయించడమే మిగతా పద్ధతులన్నిటి కంటే ముందు చేయాల్సిన పని. కొత్త ఉక్కు కొనడం దాని తర్వాతి మాట.

వంపు సమంగా ఉండటం కూడా అంతే ముఖ్యం. 20 మీటర్ల తాడును పట్టా చెంపకు ఆనించి నడిమధ్యలో ఎడం కొలుస్తారు. 600 మీటర్ల వంపులో అది 83 మి.మీ. రావాలి. ఒక చోట 70, పక్కన 95 వస్తే, పేరుకు 600 మీటర్ల వంపే అయినా రెండో చోట చక్రానికి అది 526 మీటర్ల వంపు. వంపంతటా అరుగుదల ఒకేలా లేదంటే మొదట చూడాల్సింది ఈ తాడు కొలతనే.

గ్రీజు

600 మీటర్లు, అంతకంటే తక్కువ వ్యాసార్థమున్న వంపుల్లో వెలుపలి పట్టా లోపలి చెంపకు గ్రీజు అందించాలని రైల్వే నిబంధన. వంపుకు కాస్త ముందే లూబ్రికేటర్ పెడతారు. చక్రాల అంచులే గ్రీజును వంపు పొడవునా మోసుకుపోతాయి. లూబ్రికేటర్ లేని చోట సిబ్బంది చేత్తో పూస్తారు. పొడి ఉక్కు మీద ఘర్షణ గుణకం 0.5 దాకా ఉంటుంది. చెంప మీద అది 0.2 లోపుకు దిగితే అరుగుదల బాగా తగ్గుతుంది.

గ్రీజు పట్టా తల మీదికి ఎక్కిందా, ఇంజన్ చక్రాలు జారతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది. చెంపకు గ్రీజు, తలకు 0.35 దగ్గర ఘర్షణను నిలిపే వేరే పూత అన్న పద్ధతి అందుకే వచ్చింది. గనుల మార్గంలో ఇంకో ఇబ్బంది ధూళి. ఖనిజపు ఎర్ర పొడి గ్రీజులో కలిస్తే అది సానరాయి ముద్దలా పనిచేస్తుంది. పాత గ్రీజును తుడవకుండా పైపైన కొత్తది పూస్తూ పోవడం దండగ.

పట్టాలు, చక్రాలు

సాధారణ 880 గ్రేడ్ పట్టాల స్థానంలో తల గట్టిపరచిన 1080 గ్రేడ్ పట్టాలను కటువైన వంపుల్లో వేస్తూ వచ్చారు. ఈ సంఖ్యలు ఉక్కు తన్యబలాన్ని మెగాపాస్కళ్లలో తెలుపుతాయి. వంపులో పక్క అరుగుదలకు హద్దు వేగం ఎక్కువున్న ఏ, బీ తరగతి మార్గాల్లో 8 మి.మీ., సీ, డీ తరగతుల్లో 10 మి.మీ. ఆ హద్దు చేరకముందే లోపలి, వెలుపలి పట్టాలను తిప్పకుండా ఒకదాని చోటికి మరొకటి మార్చితే అరగని చెంప చక్రానికి ఎదురవుతుంది. ఖర్చు తక్కువ. అయితే తల చదునైన లోపలి పట్టాను వెలుపలికి తెస్తే లాభం లేదు, అంటే మొదట ఎత్తు సరిగ్గా ఉన్న వంపులోనే ఈ మార్పిడి పనికొస్తుంది.

గూడ్సు చక్రపు అంచు కొత్తలో 28.5 మి.మీ. మందం. 16కు దిగితే పనికిరాదు. సన్నబడిన అంచు పాయింట్ల దగ్గర నాలుక పట్టా సందులోకి చొరబడే ప్రమాదముంది. లేతు మీద అంచును తిరిగి రప్పించాలంటే ఒక మి.మీ. మందానికి దొర్లే ముఖం నుంచి రెండు మి.మీ.కు పైగా లోతు కోయాలి. అంచు అరిగితే నిజానికి కరిగేది చక్రమంతా. అందుకే లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. రూపొందించిన అరిగిన చక్రపు ఆకృతిని కొత్త చక్రానికే ఇస్తున్నారు. కాస్త తిరిగాక చక్రం ఎలాగూ ఆ ఆకారానికే వస్తుంది. పూర్తి మందం రప్పించకుండా మధ్యస్థ ఆకృతులకు కోసే వెసులుబాటు కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో హెర్బర్ట్ షెఫెల్ 1970లలో రెండు ఇరుసులూ వంపుకు తగ్గట్టు వాటంతటవే తిరిగే బోగీని తయారు చేశాడు. సిషెన్–సల్దాన్హా ఖనిజ మార్గంలో అది పనిచేసింది. మన ఖనిజ వ్యాగన్లకు మాత్రం కాస్నబ్ బోగీయే ఆధారం.

తెలుగునాట ఈ సమస్యకు కటువైన రూపం కొత్తవలస–కిరండుల్ మార్గం. బైలాడిలా ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఈ మార్గంలో అరకు దగ్గరి అనంతగిరి ఘాటులో 60కి 1 వాలు, 8 డిగ్రీల వంపులు ఉన్నాయి. 8 డిగ్రీలంటే 218 మీటర్ల వ్యాసార్థం. అంత కటువైన వంపుల్లో లోపలి పట్టా పక్కన చెక్ రైలు వేస్తారు. అది లోపలి చక్రాన్ని వెనక నుంచి పట్టుకుని వెలుపలి చెంప మీది ఒత్తిడిలో కొంత పంచుకుంటుంది. నిండు బండ్లు ఘాటు దిగుతూ బ్రేకుల మీద వస్తాయి గనుక అక్కడ గ్రీజు తలకెక్కడం తోరణగల్లు యార్డులో కంటే ప్రమాదం.

అరుగుదల మరీ తగ్గితే

2000 అక్టోబరు 17న ఇంగ్లండులోని హాట్‌ఫీల్డ్ వంపులో ఎక్స్‌ప్రెస్ కింద పట్టా ముక్కలై నలుగురు చనిపోయారు. ఆ పట్టాను దెబ్బతీసింది అరుగుదల కాదు. తల మూలన పుట్టిన సన్నని పగుళ్లు లోతుకు పెరిగాయి. చక్రాల ఒత్తిడికి పుట్టే ఇలాంటి పగుళ్లను మామూలు అరుగుదల పుట్టినవి పుట్టినట్టే తినేస్తుంది. గట్టి ఉక్కు వేసి, గ్రీజు బాగా పూసి, అరుగుదలను దాదాపు ఆపేస్తే ఆ పగుళ్లకు బతుకు దొరుకుతుంది. వాటిలోకి చేరిన నీరు చక్రం ఒత్తిడికి లోపలికి నెట్టుకుపోయి చీలికను పెంచుతుంది. ఈ అనుభవం తర్వాత పట్టా తలను యంత్రంతో పలుచగా గీసే గ్రైండింగ్‌కు ప్రాముఖ్యం పెరిగింది. భారతీయ రైల్వే కూడా పదుల కొద్దీ సానరాళ్లున్న గ్రైండింగ్ బండ్లను తెచ్చుకుంది. గట్టి పట్టా వేసిన వంపుకు గ్రైండింగ్ గడువును దాటిపోయిన టన్నుల లెక్కన నిర్ణయిస్తారు. నిండు రేకులు ఎక్కువ తిరిగే వంపుకు ఆ గడువు తొందరగా వస్తుంది.