మన కాలువలపై పడవ ప్రయాణము

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో నాలుగు గుఱ్ఱముల బండ్లు మజిలీ మజిలీకి గుఱ్ఱములను మార్చుకొనుచు ప్రయాణికులను చేరవేసెడివి. మన డెల్టాలో వానకాలమున ఎద్దుబండియే రేగడి బురదలో దిగబడెడిది. గుఱ్ఱపుబండి మాట చెప్పనేల? కలిగినవారికి పల్లకీ, బోయీలు, తక్కినవారికి కాళ్లు.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాటను దొర త్రవ్వించిన కాలువలు పొలమునకు నీరును, జనులకు బాటయు నైనవి. ధవళేశ్వరమున పడవ నెక్కి కాకినాడకు, విజ్జేశ్వరమున నెక్కి ఏలూరునకు పోయెడివారు. గాలి అనుకూలించిన తెరచాప. లేనిచో మనుష్యులు త్రాడు భుజమున వేసికొని గట్టున నడచుచు లాగవలసినదే. ఐరోపా కాలువలపై ఈ చాకిరి గుఱ్ఱములది. ఇచట ప్రయాణికులు పడవలో నిద్రించుచుండగా కూలివాడు చీకటిలో, బురదలో తెల్లవార్లు నడచెడివాడు. ఆతని సంగతి చరిత్రగ్రంథములలో అరుదు.

1900లో గోదావరిపై రైలు వంతెన వచ్చినను ఆ త్రాడు వెంటనే భుజము దిగలేదు. రైలు చేరని యూళ్లకు పడవయే దిక్కు.