స్త్రీ (హిందీ చలనచిత్రము)

స్త్రీ: 2018 ఆగస్టు 31వ తేదీన విడుదలయిన హిందీ చలనచిత్రము. పగబట్టిన ఒక ఆడుదయ్యమును గూర్చి జనులు చెప్పుకొను కథను భయానక హాస్యరసముల మేళవింపుతో తెరకెక్కించి, భారీ వ్యయము లేకయే ఘనవిజయము నందుటచే, ఆ కోవకు చెందిన హిందీ చిత్రములలో దీనికి ప్రత్యేకస్థానము లభించినది. దర్శకుడు అమర్ కౌశిక్. కథ, స్క్రీన్‌ప్లే రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. అను జంటవి, సంభాషణలు సుమిత్ అరోరావి, పాటలకు సంగీతము కూర్చినవారు సచిన్, జిగర్. రాజ్‌కుమార్ రావు, శ్రద్ధా కపూర్, పంకజ్ త్రిపాఠి, అపార్‌శక్తి ఖురానా, అభిషేక్ బెనర్జీ ముఖ్యపాత్రధారులు.

జానపద మూలము

రాత్రివేళ ఒక ఆడుదయ్యము వీధివెంట వచ్చి, తెలిసినవారి గొంతుతో ఇంటిలోనివారిని పిలుచుననియు, పలికి తలుపు తెరచినవాడు ప్రాణములతో మిగులడనియు ఒక వదంతి గత శతాబ్దపు చివరి దశకమున కర్ణాటకమున, విశేషించి బెంగుళూరు ప్రాంతమున, దావానలమువలె వ్యాపించెను. తలుపుపై 'నాళె బా' అని, అనగా రేపు రమ్మని, వ్రాసియుంచుట దానికి జనులు కనిపెట్టిన విరుగుడు. తెలుగునాట 'ఓ స్త్రీ రేపు రా' అని గోడలమీద బొగ్గుతోనో సుద్దముక్కతోనో వ్రాసిన వ్రాతలు ఆ తరమువారికి చిరపరిచితములు. ఆ మాటయే 2016లో ఒక తెలుగు చిత్రమునకు పేరయ్యెను. మంత్రగాని పిలుచుటగాని, తాయెత్తు కట్టుటగాని, వేపమండలతో దిగదుడుచుటగాని లేక, వచ్చిన దయ్యమును మర్యాదగా వాయిదా వేసి పంపుట ఈ ఉపాయములోని విశేషము. దయ్యమునకు చదువు వచ్చుననియు, చదివిన మాటను అది మన్నించుననియు, మరునాడు వచ్చినను గోడమీద రేపు రేపుగనే యుండుననియు నమ్మిన ఈ విశ్వాసమునందు భయముతోపాటు హాస్యమును అంతర్లీనముగ నున్నది. చిత్రకర్తలు వెలికితీసినది ఆ హాస్యమునే.

నిర్మాణము

రచయితలగు రాజ్, డి.కె. ఇరువురును తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఉద్యోగములు చేసి, పిదప చిత్రరంగమున ప్రవేశించిరి. 2013లో వీరు తీసిన 'గో గోవా గాన్' నడిపీనుగుల కథను హాస్యముగ మలచిన హిందీ చిత్రము. దక్షిణమున అప్పటికే 'కాంచన' (2011), 'ప్రేమకథా చిత్రమ్' (2013) మున్నగునవి దయ్యముతో నవ్వించు పద్ధతికి విశేషాదరణ గడించియుండెను. 'స్త్రీ' నిర్మాణమున వీరితో చేయి కలిపినవాడు మ్యాడాక్ సంస్థాధిపతి దినేశ్ విజన్. 'ఆబా' అను లఘుచిత్రమునకు 2017లో బెర్లిన్ చలనచిత్రోత్సవమున బహుమతి నందిన కౌశిక్‌కు పూర్తినిడివి చిత్రములలో ఇదియే మొదటిది. కోటకును, నేత చీరలకును ప్రసిద్ధమయిన మధ్యప్రదేశ్ పట్టణము చందేరి కథాస్థలమయ్యెను. చిత్రీకరణము చాలవరకు అచ్చటను, భోపాలు పరిసరములందును జరిగెను. నిజమయిన ఇరుకుసందులును, పాతయిండ్లును ఉండుటచే భారీ సెట్టింగుల అవసరము తగ్గెను. నిర్మాణవ్యయము పాతిక కోట్ల రూపాయలకు మించలేదని చెప్పుదురు.

కథ

ఏటేట నాలుగుదినములు జరుగు పూజోత్సవ సమయమున చందేరిలో స్త్రీ సంచరించును. ఒంటరిగా నడచు మగవానిని వెనుకనుండి పేరుపెట్టి పిలిచి, వాడు తిరిగి చూచినంతనే ఎత్తుకొనిపోయి, వాని దుస్తులను మాత్రము విడిచిపోవును. ఇంటింటి గోడపైనను ఎఱ్ఱని అక్షరములతో రేపు రమ్మను వ్రాత యుండును. ఉత్సవ దినములలోనే కానవచ్చి పేరు చెప్పని యువతియొకతె విక్కీ అను దర్జీ యువకునికి పరిచయమగుటయు, అతని మిత్రుడు జనా మాయమగుటయు కథను నడిపించును. పుస్తకముల దుకాణము నడుపు రుద్ర తన పాండిత్యముతో వారికి దారి చూపబూనును. స్త్రీ పూర్వమొక వేశ్య. ప్రేమించి పెండ్లాడినవానితోగూడ శోభనపురాత్రియే ఊరివారిచేత హతురాలయ్యెను. అందుచే ఆమె వెదకుచున్నది రక్తమును గాదు, తనకు దక్కకపోయిన ప్రేమను, గౌరవమును. చీకటిపడినంతనే ఇల్లు చేరవలెనను భీతి ఈ ఊర పురుషులకు పట్టుకొనుటలో, నిత్యము ఆడువారికి విధింపబడు కట్టుబాటు తలక్రిందులయి, ఉపన్యాసము లేకయే విమర్శ పండినది. తుదకు విక్కీ ఆమెను చంపజాలక పోవును. ఆమె శక్తికి ఆధారమయిన జడను మాత్రము కోసివేయుదురు. మరుసటియేడు ఆమె తిరిగివచ్చునప్పటికి ఊరిమొదట ఆమె విగ్రహము వెలసియుండును. రేపు రమ్మను వ్రాతకు మారుగా రక్షింపుమను వేడుకోలు కనబడును.

ఆదరణము, అనంతర చరిత్ర

చిత్రము ప్రపంచవ్యాప్తముగ సుమారు 180 కోట్ల రూపాయలు వసూలు చేసెను. కౌశిక్ నూతన దర్శకునిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారము నందెను. ఈ విజయము వెంబడి జానపద విశ్వాసములే ఆధారముగ మ్యాడాక్ సంస్థ ఒక చిత్రమాలనే కల్పించెను. అరుణాచల ప్రదేశపు అడవులందు నడచు తోడేటి కథ 'భేడియా' (2022), కొంకణపు పిశాచకథ 'ముంజ్యా' (2024) అందులోనివి. 2024 ఆగస్టు 15న వెలువడిన 'స్త్రీ 2'కు కథ వ్రాసినవాడు నిరేన్ భట్; తలలేని మొండెముతోను, మొండెములేని తలతోను తిరుగు 'సర్కటా' స్త్రీలను ఎత్తుకొనిపోవ, వెనుకటి దయ్యమునే ఊరివారు రక్షకురాలిగా ఆశ్రయించుట అందలి ఇతివృత్తము. మొదటి చిత్రము తుదియందు విగ్రహముచెంత చేసిన ప్రార్థన ఇట్లు రెండవదానికి నాందియయ్యెను. ఆ చిత్రము 800 కోట్లకు మించి ఆర్జించి, స్వల్పవ్యయముతో మొదలయిన ఈ కథను హిందీ చలనచిత్ర వ్యాపారమున అగ్రశ్రేణికి చేర్చినది.