మెరుపు వెర్షన్ నంబరు కాదు

కొత్తగా ఫ్లాట్ కొన్న కొలీగ్ ఒకాయన మొన్న షేడ్ కార్డు ముందేసుకుని అడిగాడు: "మ్యాట్, శాటిన్, సెమీ గ్లాస్, గ్లాస్... వీటిలో టాప్ ఎండ్ ఏది?" సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, నాలుగు పేర్లు వరసగా కనబడితే బేసిక్, ప్రో, ఎంటర్‌ప్రైజ్ అనుకుంటాం. రంగుల సంగతి అలా కాదని చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

మన తాతల ఇళ్ళకి తెలిసిన ఫినిష్ ఒకటే, వెల్ల. సున్నంలో కాస్త జిగురు, చిటికెడు నీలిమందు. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. దాని క్షారగుణానికి బూజు తొందరగా పట్టదు, గోడలో చెమ్మ బయటికి పోతుంది. చిక్కల్లా ఆనుకుంటే చొక్కాకి అంటడం, తడిగుడ్డతో తుడిస్తే లేచి రావడం. పాతకాలపు డిస్టెంపరు కూడా మూలంలో సుద్ద, జిగురే. దానిదీ అదే రోగం.

అందుకని కడగాల్సిన చోటికి అవిసె నూనెతో చేసే ఆయిల్ పెయింటు వచ్చింది. మన సర్కారు ఆసుపత్రుల్లో, బడుల్లో గోడకి కింద నాలుగడుగులు ఆయిల్ పెయింటు, పైన వెల్ల చూసే ఉంటారు. చాలామంది దాన్ని పిసినారితనం అనుకుంటారు గానీ నాకైతే అది చక్కటి డిజైన్. చేతులు, భుజాలు తగిలేంత వరకే మెరుపు, ఆ పైన గోడకి ఊపిరి!

కాకపోతే ఆ నూనె రంగుల్లో తెలుపు కోసం శతాబ్దాల పాటు వాడింది సీసం. అది పనివాళ్ళని విషంలా తింటుంటే 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ళ లోపలి రంగుల్లో తెల్ల సీసం వాడకూడదని ఒప్పందం చేసింది. అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దగ్గర 90 పీపీఎం పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో!

ఈలోగా నీళ్ళలో కలిసే ఎమల్షన్లు వచ్చాయి. అమెరికాలో గ్లిడెన్ కంపెనీ 1948లో సింథటిక్ రబ్బరు ఆధారంగా ఒకటి తెచ్చింది, 1953లో రోమ్ అండ్ హాస్ అక్రిలిక్ తెచ్చింది. వీటిలో మెరుపంటే ముఖ్యంగా పొడికీ జిగురుకీ ఉన్న నిష్పత్తే. జిగురు ఎక్కువైతే పైపొర నున్నగా ఆరి మెరుస్తుంది, కడగొచ్చు. పొడి ఎక్కువైతే వెలుతురు చెదిరి మ్యాట్ అవుతుంది, పుట్టీలో ఎగుడుదిగుళ్ళు దాక్కుంటాయి.

ఇక లెక్క తేలికే. సీలింగ్‌కి, పెద్దవాళ్ళ బెడ్‌రూమ్‌కి మ్యాట్. పిల్లలు చేతులేసే గదులకి, నడవాకి శాటిన్. వంటింటికి, బాత్రూమ్‌కి సెమీ గ్లాస్. తలుపులకి, గ్రిల్స్‌కి గ్లాస్ ఎనామెల్. ఊళ్ళో చెమ్మ పట్టిన పాత సున్నపు గోడకి మాత్రం ఎనామెల్ వెయ్యకండి, పొక్కులొచ్చి ఊడిపోతుంది. దానికి ఇప్పటికీ వెల్లే మేలు.

ఒక్కమాట. 2017కి ముందు కట్టిన ఫ్లాట్ కొంటున్నారా? పాత ఎనామెల్ తలుపుల్ని పొడిగా గీకించకండి. ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. తడిపి రుద్దమనండి, ఆ నాలుగు రోజులూ పిల్లల్ని అమ్మమ్మ గారింటికి పంపండి. షేడ్ కార్డులో ఈ ముక్క ఎక్కడా రాసి ఉండదు.