పన్ను ఎవరి చేతిలో పెట్టాలి?

మేరీ ఓటో 2017లో వెలువరించిన ‘టీత్’ అమెరికన్ల పళ్ళ చరిత్ర. వాషింగ్టన్ పోస్ట్ విలేఖరిగా తాను రాసిన ఒక బాలుడి మరణవార్త వెంట బయలుదేరి, రచయిత్రి దంతవైద్య వృత్తి పుట్టుక దాకా వెనక్కి నడిచారు. ఇంటిల్లిపాదికీ తగిన దంతవైద్యుణ్ణి ఎంచుకోవడమెలాగో చెప్పే సలహాలకు లోటు లేదు. ఆ ప్రశ్న ఎలా పుట్టిందో, అసలు ఎవరికి పుడుతుందో చెప్పేవారు తక్కువ. ఈ పుస్తకంలో నన్ను నిలిపింది ఆ పార్శ్వమే. పుస్తకానికి వెలుపలి సంగతులు కొన్ని ఇక్కడ కలుపుతున్నాను.

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికాలో పన్ను పీకడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మంగలి పీకేవాడు, కమ్మరి పీకేవాడు. ఊరూరా తిరిగే మూడోవాడు పీకి, చిగురు వాచేలోగా పొరుగూరికి సాగిపోయేవాడు. శ్రద్ధగా పని నేర్చి ఒకచోట నిలిచినవాళ్ళూ లేకపోలేదు. అయితే దవడ పట్టుకొని వచ్చిన గృహస్థుకు వీరికీ వారికీ తేడా తెలిపే గుర్తు ఏదీ లేదు. నూరేళ్ళ ముందే, 1728లో, పారిస్‌లో పియెర్ ఫోషార్ తన గ్రంథంలో వీధివైద్యుల టక్కరితనాన్ని బయటపెట్టాడు. కానీ పన్ను సలుపుతున్నవాడు గ్రంథాలు తిరగేయడు కదా.

ఆ గుర్తును సృష్టించడానికి పూనుకొన్నవారు బాల్టిమోర్‌లో ఇద్దరు: హొరేస్ హేడెన్, చాపిన్ హారిస్. దంతవైద్యాన్ని కూడా బోధించమని వారు మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలను అడిగారనీ, అక్కడి వైద్యులు కాదు పొమ్మన్నారనీ ఒక కథ. దానికి లిఖితపూర్వకమైన ఆధారం లేదని అనుమానించే చరిత్రకారులున్నారు. తిరస్కారం జరిగిందో లేదో గాని, దాని ఫలితం మాత్రం జరిగింది. 1840లో బాల్టిమోర్ దంతశస్త్రవైద్య కళాశాల వెలసింది. ప్రపంచంలో ఆ కోవకు చెందిన మొదటిది అదే. తొలి తరగతిలో ఐదుగురు విద్యార్థులు, మరుసటి ఏడు పట్టా పుచ్చుకొన్నవారు ఇద్దరు. కాలాంతరంలో, 1920లలో, ఆ కళాశాల వెళ్ళి అదే మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో కలిసింది. అప్పటికి విభజన స్థిరపడిపోయింది: శరీరం ఒక వృత్తికి, నోరు మరొక వృత్తికి. వైద్యకళాశాలల్లో చదువుకొన్న మాబోటివాళ్ళకు గొంతు గురించి తెలిసినంత, దానికి రెండంగుళాల ముందున్న పళ్ళ గురించి తెలియదు.

పట్టా అయితే వచ్చింది. దానితో గృహస్థు కష్టం తీరిందా? 1840లోనే ఏర్పడిన అమెరికన్ దంతవైద్యుల సంఘం, పాదరసం కలిపిన వెండి మిశ్రమంతో పళ్ళు పూడ్చబోమని తన సభ్యులచేత ప్రమాణపత్రం రాయించింది. ఆ మిశ్రమాన్ని 1833లో క్రాకూర్ సోదరులనే ఘరానా వ్యాపారులు గొప్ప పేరు తగిలించి న్యూయార్కుకు తెచ్చారు. వారి పనితనం నాసి. పెద్దమనుషులు బంగారు రేకుతోనే పూడ్చాలని సంఘం వాదన. వాదనలో పాదరసపు భయం ఉన్నది, మోసగాళ్ళపై న్యాయమైన కోపం ఉన్నది. కానీ బంగారం కొనలేనివాడి పుచ్చుపన్ను మాటేమిటి? సంతకం చేయనివారిని వెలివేస్తూ వేస్తూ ఆ సంఘమే 1856లో మూతపడింది. వెండి సిమెంటు మాత్రం నూరేళ్ళకు పైగా సామాన్యుల దవడపళ్ళను కాపాడింది. యోగ్యుడని సంఘం ముద్ర వేసినవాడే మన ఇంటికి తగినవాడని అనుకోవడానికి లేదన్నమాట.

ఇక్కడ ‘పెయిన్‌లెస్’ పార్కర్‌ను తలచుకోకుండా ఉండలేను. ఇతడు పట్టా లేని మోసగాడు కాడు. 1892లో ఫిలడెల్ఫియాలో చదువు ముగించిన ఎడ్గార్ పార్కర్. ప్రకటనలు ఇచ్చుకోరాదని వృత్తిధర్మం. బోర్డు కట్టి మర్యాదగా కూర్చుంటే రోగులు రాలేదు. దాంతో బండి ఎక్కి, బాజాభజంత్రీలతో వీధిన పడ్డాడు. పన్నుకు అర డాలరు, నొప్పి పుడితే ఎదురు అయిదు డాలర్లు. మందు పనిచేయనప్పుడు బాజాల మోత రోగి కేకను మింగేసేది. ఒక్కరోజులో పీకినవంటూ 357 పళ్ళను హారంగా గుచ్చి మెడలో వేసుకొన్నాడు. ఆ దండ టెంపుల్ విశ్వవిద్యాలయం వారి ప్రదర్శనశాలకు చేరింది. ఆ బిరుదుతో వ్యాపారం చేయడం చెల్లదని కాలిఫోర్నియాలో అడ్డు తగిలితే, 1915లో చట్టప్రకారం తన పేరునే ‘పెయిన్‌లెస్’గా మార్చుకొన్నాడు. తోటి దంతవైద్యులు అతణ్ణి అసహ్యించుకొన్నారు, అందుకు తగిన కారణాలున్నాయి. అయినా బీదవాడికి ధర ముందే చెప్పి, వాడున్న వీధికే వచ్చినవాడు అతడే. మర్యాదస్థులు ఆ రెండూ చేయలేదు.

ఓటో పుస్తకానికి మూలమైన బాలుడు డియమాంటే డ్రైవర్. ఊరు మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ, అంటే ఆ తొలి కళాశాల వెలసిన రాష్ట్రమే. స్థిరమైన ఇల్లు లేని కుటుంబం. తల్లి వెతుకుతున్నది దంతవైద్యుడి కోసమే, అయితే ఇతడికి కాదు, తమ్ముడికి. తమ్ముడి నోట్లో ఆరు పళ్ళు పాడయ్యాయి. పేదల బీమా అయిన మెడికెయిడ్‌ను ఒప్పుకొనేవాడు కావాలి. ఆనాడు మేరీలాండ్‌లో దాదాపు 5,500 మంది దంతవైద్యులుంటే, దాన్ని ఒప్పుకొనేవారు సుమారు 900 మంది. ఆ పిల్లవాడికి ఒక్క అపాయింట్‌మెంట్ దొరకడానికి తల్లితోపాటు ఒక న్యాయవాదీ, సహాయకేంద్రపు అధికారిణీ, మరి ముగ్గురు ఉద్యోగులూ పూనుకోవలసి వచ్చింది. ఈ లోపల, 2007 జనవరిలో, పళ్ళనొప్పి అని ఎన్నడూ అనని పన్నెండేళ్ళ డియమాంటేకు తలనొప్పి వచ్చింది. పంటి కింది చీములోని క్రిములు మెదడుకు ఎక్కాయి. రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. ఫిబ్రవరి 25న మరణించాడు. ఎనభై డాలర్లతో పీకించదగిన పన్నుకు ఆసుపత్రి ఖర్చు రెండున్నర లక్షల డాలర్లు దాటింది.

ఆ తల్లికి ఎంచుకొనే సమస్య రానేలేదు. ఎంచుకోబడాలన్నదే ఆమె సమస్య. ‘మీ ఇంటి దంతవైద్యుణ్ణి ఎంచుకోండి’ అనే మాటలో ముందుగా బీమా, సెలవు, కారు, ఇంగ్లీషు ఉన్నాయన్న సంగతి ఓటో ఎక్కడా గొంతు పెంచకుండా చూపుతారు. ప్రకటనలు, సంఘాలు, పట్టాల చరిత్రను ఆమె త్వరగా దాటేసిన చోట్ల నాకు కొంత అసంతృప్తి కలిగింది గాని, ఈ అధ్యాయాలు ఆ లోటును మరిపిస్తాయి.

డియమాంటే మరణం తరువాత చట్టసభలు కదిలాయి. 2009లో పిల్లల ఆరోగ్యబీమా చట్టాన్ని పునరుద్ధరించినప్పుడు దంతవైద్యాన్ని తప్పనిసరి చేశారు. మేరీలాండ్ తన మెడికెయిడ్ పద్ధతిని సరిదిద్దుకొన్నది. పెద్దల సంగతి వేరు. ఇక్కడ స్థిరపడిన మన ఇళ్ళలో కట్టుడుపళ్ళు, రూట్ కెనాల్ వంటివి ఇండియా ప్రయాణం దాకా వాయిదా పడుతూ ఉండడం, తల్లిదండ్రులు వచ్చేటప్పుడు పళ్ళు ముందే చూపించుకొని రమ్మని చెప్పడం అందరికీ అలవాటైన విషయమే. 1965లో వృద్ధుల కోసం మెడికేర్‌ను ఏర్పరచినప్పుడు సాధారణ దంతవైద్యాన్ని అందులోంచి మినహాయించారు. ఆ మినహాయింపు నేటికీ చట్టంలో ఉన్నది.